అందరు ఎక్కిండ్రా?

యూసుఫ్,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అందినా, చదివించుకోవడానికి నా దగ్గరికే వచ్చేవాడివి.

నీ బిడ్డ, మన షబానాకు సర్కారీ బస్సు డ్రైవర్ ఉద్యోగం వచ్చింది. జీతం నీ జీపు ఎన్నడూ చూడనంత. ఇది రాకపోతే తమ్ముడి కాలేజీ మాన్పించాల్సి వచ్చేది.

నువ్వొకసారి జింగనూర్ సంతలో మీ మామనే మరిచి వచ్చేశావు, గుర్తుందా? ఆయన నెలరోజులు నీతో మాట్లాడలేదు. అదీ సుఖమే అన్నావు. అప్పటినుంచి జీపు కదిలించే ముందు వెనక్కి తిరిగి అడగడం నీకు అలవాటైంది. పిల్లకూ అదే అంటుకుంది.

డ్రైవింగ్ పరీక్ష రోజు ఖాళీ బస్సులో పరీక్ష పెట్టే సాబ్ ఒక్కడే పక్కన కూర్చున్నాడు. షబానా తాళం తిప్పి, వెనక్కి తిరిగి కేకేసింది. "అందరు ఎక్కిండ్రా?"

పోయింది నౌకరి అనుకుని, కింద నిలబడ్డ నేను తల పట్టుకున్నాను.

"ఎవలున్నరమ్మా ఎనక?" అన్నాడు సాబ్.

"ఎవలు లేరు సాబ్. అడగకుంట బండి తీస్తే మా అబ్బా ఊకోకపోతుండె."

ఆయన నవ్వాడు. "మంచిగనే నేర్పిండు. ఇగ పోనియ్యి."

ఈ ఉదయం సిరోంచలో ఆమె మొదటి బస్సు ఎక్కాను. జింగనూర్‌లో నాకేం పని లేదు. నా పక్కనున్న కిటికీ సీటు మీద తువ్వాలు వేసి, ఎవరినీ కూర్చోనివ్వలేదు.

షబానా వెనక్కి తిరిగింది. "అందరు ఎక్కిండ్రా, చాచా?"

తువ్వాలు ఒకసారి సర్దాను.

"ఎక్కినం బిడ్డా. పోనియ్యి."