వెనక చిత్రిక పట్టని మెడ

అల్లుడికి,

నీ గిటారు దాదాపు అయింది. బాడీ తేలిగ్గా చేశాను, కచేరీ అంతా నిలబడి వాయించినా భుజం లాగదు. తీగల మోతను స్పీకరుకి అందించే పికప్పులు కూడా బిగించాను. మెడ వెనకభాగం మాత్రం చిత్రిక పట్టకుండా ఆపాను. నీ మేనేజరు నీ చేతి కొలతలు పంపాడు గానీ చెయ్యి పంపలేదు. నువ్వే వచ్చి పట్టుకుని చూడు, నీ అరచేతికి సరిపడా తీస్తాను. మనిషిని పంపితే ఇవ్వను.

మా అమ్మాయి చనిపోయాక నువ్వు ఈ గడప తొక్కలేదు. నేనేమీ అననులే. దాని మాట కూడా ఎత్తను. ఓ పూట అన్నం తిని, నా ఎదురుగా కూర్చుని వెళ్లు. రంపం ఆపితే ఇక్కడ ఇంకో చప్పుడు లేదు.

రాలేనంటే సూటిగా రాయి, పూర్తిచేసి పంపేస్తాను. ఇన్ని గిటార్లు చేసిచ్చాను, నీ చెయ్యి నాకు తెలియనిదా. కళ్లు మూసుకుని కూడా ఆ మెడ చెక్కగలను.

మీ మామ