ఏడో నంబరు జాగాలో ఎవరుంటున్నారు?

అశోక్‌నగర్,
మే 2

ఫ్లాట్ 401 క్రాంతికుమార్ గారికి, ఫ్లాట్ 202 నుంచి పారిజాత ఎన్‌క్లేవ్ సెక్రటరీ మొగిలయ్య నమస్కారం. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా క్షేమంగానే ఉన్నారని పొద్దున లిఫ్టులో చూశాను.

అడగాల్సింది అప్పుడే అడగవచ్చు. కానీ లిఫ్టులో మాట్లాడింది రికార్డుకెక్కదు. ముప్పై నాలుగేళ్ళు సర్కారు ఆఫీసులో పనిచేసి, సూపరింటెండెంటుగా రిటైరై, నేను నేర్చుకున్నది అదొక్కటే. అందుకే మన అపార్ట్‌మెంటులో ఏ మాటైనా కాగితం మీదనే, వాచ్‌మన్ దాసయ్య చేతుల మీదుగానే నడవాలని నియమం పెట్టాను.

విషయం ఏమంటే, సెల్లార్‌లో మీ ఏడో నంబరు జాగాలో నెల రోజులుగా ఒక పాత పికప్ బండి ఉంది. ఉండనివ్వండి, జాగా మీది. తరువాత దాని మీద రేకుల గది లాంటిది లేచింది. సరే అనుకున్నాం. నిన్న దాంట్లోకి మంచం పోయింది. నా కళ్ళతో చూశాను. బండిలోకి మంచం ఎందుకు పోతుంది? పోయిన మంచం మళ్ళీ బయటికి ఎందుకు రాలేదు? వివరణ ఇవ్వగలరు.

ఇట్లు,
ఇప్పటికైతే మీ క్షేమం కోరే
మొగిలయ్య

తా.క. పరుపు దూదిదా, స్పాంజిదా అని మా భూదేవి అడగమంది. ఇది సెక్రటరీ ప్రశ్న కాదు, సెక్రటరీ భార్య ప్రశ్న.

*

మే 3

పెద్దలు మొగిలయ్య గారికి, నాలుగో అంతస్తు నుంచి క్రాంతికుమార్ నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. అందినట్టు దాసయ్య నాతో రెండు చోట్ల సంతకం పెట్టించుకున్నాడు.

కంగారు పడాల్సింది ఏమీ లేదు. నేను చిక్కడపల్లి కోచింగ్ సెంటర్లో అర్థమెటిక్ చెబుతానని మీకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో అంబికకు సూర్యలంకలో సముద్రం చూపిస్తానని మాటిచ్చాను. పదిహేడేళ్ళయింది. ఎప్పుడు బయలుదేరుదామన్నా ఏదో ఒక సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్ పడుతుంది, పిల్లలు వచ్చి "సార్, క్రాష్ కోర్సు పెట్టుండ్రి" అని కూర్చుంటారు, ప్రయాణం ఆగిపోతుంది. ఆమె ఇప్పటికీ సముద్రాన్ని క్యాలెండర్లోనే చూస్తున్నది. నర్సు ఉద్యోగంలో సెలవు దొరకడమే గగనం. ఈసారి మే 24 నుంచి వారం దొరికింది. "ఇప్పుడు గూడ తప్పిందనుకో, నేనొక్కదాన్నే బస్సెక్కి పోత. మీరు నోటిఫికేషన్లు సూస్కుంట కూసోండ్రి" అన్నది. ఆమె అన్నదంటే చేస్తుంది.

అందుకే ఈ పాత బండి కొన్నాను. ఇది ఇన్నాళ్ళూ మలక్‌పేట మార్కెట్టుకు ఉల్లిగడ్డలు మోసింది. ఇంజను గట్టిది. అడుగు రేకు తుప్పు పడితే మార్పించాను, రేడియేటరు మార్పించాను. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గరి మెకానిక్ వెంకటేశ్ ఆదివారాలు వచ్చి చేసిపెడుతున్నాడు. రేకుల గదిలో పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, లైటు, ఫ్యాను ఉంటాయి. ఎక్కడ బాగుంటే అక్కడ ఆపుకుని, వండుకు తిని, అక్కడే పడుకుంటాం. దీన్ని క్యాంపింగ్ అంటారు సార్. అంతే.

ఉంటాను,
క్రాంతికుమార్

తా.క. పరుపు దూదిదే. బండికి ఉల్లిగడ్డల వాసన మాత్రం పోలేదు. అగరుబత్తి వెలిగిస్తే ఉల్లిగడ్డలకు పూజ చేసినట్టుంది.

*

మే 8

క్రాంతికుమార్ గారికి, సెక్రటరీ మొగిలయ్య నమస్కారం. క్షేమసమాచారాలు లిఫ్టులో అయిపోయాయి కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను.

మీ వివరణతో నా అనుమానం తీరలేదు, పెరిగింది. సొంత ఫ్లాటు ఉన్న మనిషి బండిలో ఎందుకు పడుకుంటాడు? సముద్రం దగ్గర లాడ్జీలు లేవా? పోనీ ఇది వినండి. మన అశోక్‌నగర్‌లో మంచం, ఫ్యాను, చార్జింగ్ ప్లగ్గు, చదువుకునే లైటు ఒక్కచోట కనబడితే దాన్ని ఏమంటారు? హాస్టల్ అంటారు. పక్క వీధిలో మెట్ల కింది జాగాకు షట్టర్ పెట్టి, గ్రూప్స్ చదివే ముగ్గురికి కిరాయికి ఇచ్చారు. నీళ్ళ ట్యాంకు పక్కన జాగా దొరికితే అక్కడా మంచం వేస్తున్నారు. మీరు బండిలో వేశారు. నిన్న సంచులతో ఇద్దరు యువకులు వచ్చి "అంకుల్, కింద కొత్త హాస్టల్ పడ్డదంట గదా, బెడ్ ఖాళీ ఉందా?" అని నన్నే అడిగారు.

అన్నిటికీ మించి, బండి తలుపుకు అంటించిన కాగితం. అక్షరం పొల్లుపోకుండా నకలు తీసుకున్నాను:

1. చెప్పులు బయటే విడవాలి.
2. పది గంటలకు లైటు బంద్.
3. మనిషికి ఒకటే బకెట్టు.
4. గురక పెట్టేవారు టాపు మీద పడుకోవాలి.

ఇవి హాస్టల్ రూల్సు కాకపోతే మరేమిటి? నివాస భవనంలో వ్యాపారం నిషిద్ధమని మన నిబంధనల్లో తొమ్మిదో పేరాలో ఉంది.

ఇట్లు,
సెక్రటరీ

తా.క. ఈ కేసులో భూదేవి నాకు సహకరించడం లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక డ్రాఫ్టు చదివి వినిపిద్దామని కూర్చుంటే "భజనుంది" అని దిగిపోతున్నది. వారం నుంచి రోజూ భజనే. ఇంట్లో సకినాలు కూడా తరిగిపోతున్నాయి. ఎలుకలేమో.

*

మే 9

గౌరవనీయులైన సెక్రటరీ గారికి, 401 క్రాంతికుమార్ కొంచెం కోపంగానే నమస్కరిస్తున్నాను. ఏమనుకోకండి.

అది హాస్టల్ కాదు సార్, నమ్మండి. ఆ రూల్సు అంబిక రాసింది. అన్నీ నా ఒక్కడి కోసమే. "గురక పెట్టేవారు" అని మర్యాదగా రాసింది కానీ ఆ పెట్టేది నేనే. టాపు మీద కూడా పడుకోవడానికి వీలుగా ఒక గుడారం బిగించాం.

ఇప్పుడు నేనూ మిమ్మల్ని ఒకటి అడగాలి. నిన్న పరుపు దులుపుదామని వెళ్తే దిండు కింద ఒక వారపత్రిక, అందులో సగం నింపిన గళ్ళ నుడికట్టు, పక్కన స్టీలు డబ్బాలో నాలుగు సకినాలు కనిపించాయి. పరుపు మధ్యలో మనిషి పడుకున్న గుంట ఉంది. మా ఇంట్లో సకినాలు లేవు. నా మీద నిఘాకు అసోసియేషన్ మనిషిని పెట్టిందా? పెడితే పెట్టారు, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పండి.

ఉంటాను,
క్రాంతికుమార్

తా.క. నుడికట్టులో ఏడు అడ్డం తప్పు నింపారు. దిద్ది పెట్టాను.

*

మే 15

క్రాంతికుమార్ గారికి, సెక్రటరీ. నమస్కారం తరువాత చేస్తాను.

మీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. మేము ఎవరినీ పెట్టలేదు. మీరూ పెట్టలేదంటున్నారు. మనిషి మాత్రం ఉన్నాడు! నుడికట్టు నింపుతున్నాడంటే జనరల్ నాలెడ్జికి ప్రిపేర్ అవుతున్నాడు. సకినాలు ఉన్నాయంటే ఊరి నుంచి తెచ్చుకున్నాడు. పైగా నిన్న పొద్దున ఆరింటికి నోట్లో బ్రష్షు, భుజం మీద తువ్వాలతో ఒకాయన బండి దిగడం 103 వేదవతి గారు చూశారు. "మొహం కనబడలే గని, పరీక్షలు రాసేటోడి తీర్గ దిగులుగ ఉన్నడు" అన్నారు. ఇక దాచడానికి ఏముంది?

కమిటీ రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, బండి మే 23 సాయంత్రంలోగా గేటు దాటాలి, లేదంటే క్రేన్ పిలుస్తాం. రెండు, సెల్లార్‌లో వెల్డింగులు, సుత్తి మోతలు, రేకులు కోయడాలు ఈరోజు నుంచి బంద్.

ఇట్లు,
సెక్రటరీ, కమిటీ తరఫున

తా.క. మా సకినాల డబ్బానే కనబడడం లేదు. మీ బండిలో ఎలుకలున్నాయేమో చూసుకోండి.

*

మే 19

సెక్రటరీ గారికి, క్రాంతికుమార్ వినయపూర్వక నమస్కారాలు.

బ్రష్షుతో దిగింది నేనే. పడక ఎట్లా ఉందో చూసి చెప్పమని అంబిక నన్ను అందులో పడుకోబెట్టింది. దిగులు సంగతి వేదవతి గారు సరిగ్గానే చూశారు.

బండి తీయడానికి జూన్ రెండో వారం దాకా గడువు ఇప్పించగలరు. క్లచ్‌లో ఏదో తేడా ఉంది. తిథులు కూడా బాగా లేవు. వెంకటేశ్ మేనకోడలి పెళ్ళికి ఊరికి పోయాడు. నాకు కాస్త జలుబుగా ఉంది. ఇన్ని కారణాలు ఎందుకు చెబుతున్నావని మాత్రం అడగకండి.

మీ విధేయుడు,
క్రాంతికుమార్

తా.క. గేటు మీద ఆ సిమెంటు దూలం ఎవరు కట్టించారు? ఊరికే అడుగుతున్నాను.

*

మే 20

క్రాంతికుమార్ గారికి, మొగిలయ్య నమస్కారం. నాకు తల తిరుగుతున్నది.

పోతాను, పోతాను అన్నది మీరు. సరే పొమ్మంటే పోనంటున్నది మీరే. మీకు జలుబైతే బండి ఎందుకు కదలదు? పొద్దున అంబిక గారు మెట్ల మీద సంచులతో కనబడి "ఆదివారం పోతున్నం అంకుల్, నీళ్ళల్ల కాళ్ళు పెట్టేదాక నాకు నిద్ర పట్టదు" అన్నది. చిన్నపిల్ల లాగ నవ్వింది. అంటే ఆమెకు తెలియనిదేదో మీ దగ్గర ఉంది. నిజం రాయండి. ఎవరికీ చదివి వినిపించను. వినేవాళ్ళు కూడా లేరు, భూదేవి భజనకు పోయింది.

ఇట్లు,
మొగిలయ్య

తా.క. దూలం నేనే కట్టించాను, లారీలు లోపలికి రాకుండా. ఎందుకు అడిగారు?

*

మే 22

మొగిలయ్య గారికి, మీరు పెద్దవారు, మీకు చెప్పుకోక ఎవరికి చెప్పుకోను. నమస్కారం.

బండి బయటికి రాదు సార్.

దూలం ఏడడుగుల ఎత్తున ఉంది. రేకుల గది, టాపు గుడారం బిగించాక కొలిచాను. బండి ఆరడుగుల పదకొండంగుళాలు. అంగుళం మిగిలింది, చాలనుకున్నాను. తరువాత వెంకటేశ్ "సార్, ఎన్క బరువు ఎక్కువైతది, ఇంకో రెండు కమాన్లు ఎక్కిద్దం" అన్నాడు. చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీలవి. ఎక్కించాడు. బండి మూడంగుళాలు పైకి లేచింది. ఎంత దర్జాగా నిలబడిందోనని మురిసిపోయాను కానీ మళ్ళీ కొలవలేదు. పదకొండుకు మూడు కలిపితే ఎంతో నా దగ్గర మొదటి రోజు చేరిన పిల్లలు కూడా చెబుతారు.

పదమూడో తేదీన తీయబోతే దూలానికి టంగుమని తగిలింది. టైర్లలో గాలి తీస్తే అంగుళం దిగింది. ఇంకా అంగుళం పైనే దిగాలి. రేకు కోయిద్దామంటే మీ రెండో తీర్మానం అడ్డం. కమాన్లు తీయిద్దామంటే వెంకటేశ్ పెళ్ళిలో ఉన్నాడు, ఆ ఒక్క కారణం నిజమే.

అంబికకు ఇంకా చెప్పలేదు. పదిహేడేళ్ళు నోటిఫికేషన్ల మీదికి నెట్టాను. ఈసారి నెట్టడానికి నేను తప్ప ఎవరూ లేరు. చాలా భయంగా ఉంది సార్.

క్రాంతికుమార్

తా.క. ఈ కూడిక సంగతి చిక్కడపల్లి దాకా పోనివ్వకండి. నా బతుకే అర్థమెటిక్. ఇంకొకటి, సకినాల డబ్బా మళ్ళీ నిండింది.

*

సూర్యలంక సముద్రతీరం,
మే 27

క్రాంతికుమార్ గారికి, ఈసారి ఫ్లాటు నంబరు లేని మొగిలయ్య నమస్కారం.

జరిగిందంతా మీకు తెలుసు. అయినా రికార్డు కోసం రాస్తున్నాను.

మే 24 పొద్దున ఏడింటికి సెల్లార్‌లో అత్యవసర సర్వసభ్య సమావేశం పెట్టాను. మీ పరువు పోకుండా "ఒక బండి ఉందనుకుందాం" అని మొదలుపెట్టాను. అందరూ ఏడో నంబరు వైపు చూశారు. అంబిక గారైతే ఒక్క నిమిషం మిమ్మల్నే చూసి "ఏం అర్థమెటిక్ సార్ మీరు!" అని నెత్తి కొట్టుకుని, మళ్ళీ నవ్వింది. ఆ నవ్వుకు మీకు ప్రాణం లేచి వచ్చింది, నేను చూశాను. అప్పుడు మన దాసయ్య భార్య తిమ్మమ్మ, తాపీ పనికి పోబోతూ ఆగి "ట్రాక్టర్ల ఇసుక పోస్తే కూసుంటది గద సార్. దీంట్ల మనుషులను పొయ్యుండ్రి" అన్నది.

వెంటనే సమావేశాన్ని బండిలోకి వాయిదా వేశాను. పద్నాలుగు మంది సభ్యులు మంచం మీద, పొయ్యి మీద, నీళ్ళ ట్యాంకు మీద కూర్చున్నారు. టాపు మీద ఎవరూ కూర్చోరాదని ఏకగ్రీవంగా తీర్మానించాం. కమాన్లు మూలుగుతూ కిందికి దిగాయి. దూలానికీ బండికీ మధ్య నా ఇన్‌వర్డు రిజిస్టరు దూరేంత సందు కూడా లేదు, అయినా దాటింది. వేదవతి గారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఇది రికార్డులో వద్దు.

వీధిలో అందరూ దిగారు. ఒక్క మనిషి దిగలేదు. దిండుకు ఆనుకుని, ఒళ్ళో స్టీలు డబ్బా, చేతిలో వారపత్రిక.

"దిగు భూదేవీ" అన్నాను.

"నేను దిగ. మీరు రిటైరైన సంది మీ డ్రాఫ్టులే ఇంటున్న. ఈ పరుపు మీద పడుకుంటెనే నాకింత నిమ్మళం. జర సముద్రం ఏమంటదో గూడ ఇనొస్త" అన్నది.

హాస్టల్లో ఉంటున్నది ఎవరో అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. "రానీయండ్రి అంకుల్, మంచం మీద మేమిద్దరం పడుతం" అని అంబిక గారు తలుపు వేసింది. మీరు పోయారు.

ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే మీ మీద ఘాటైన ఉత్తరం ఒకటి డ్రాఫ్టు చేశాను. చదివి వినిపిద్దామని తలెత్తితే కుర్చీ ఖాళీగా ఉంది. నాకు నేనే చదువుకున్నాను. రెండో పేరాలో నిద్ర వచ్చింది. పాపం, నేను రిటైరైన ఈ ఆరేళ్ళు ఎట్లా విన్నదో! రెండు రోజులు ఇల్లు బోసిగా ఉంది, అన్నం సయించలేదు. మూడో రోజు సంచి సర్దుకుని బాపట్ల దాకా రైల్లో, అక్కడి నుంచి ఆటోలో వచ్చాను.

ఈ ఉత్తరం మీకు తెచ్చి ఇచ్చిన కొబ్బరిబోండాల ఆయన వెనక్కి చూడండి. సంచి పట్టుకుని నిలబడ్డది నేనే. నోటితో అడగడానికి మొహం చెల్లక కాగితం మీద అడుగుతున్నాను. మీ హాస్టల్లో బెడ్ ఖాళీ ఉందా?

ఇట్లు,
చెప్పులు ముందే విడిచి ఇసుకలో నిలబడ్డ
మొగిలయ్య

తా.క. బండి తిరిగి లోపలికి రావాలన్నా పద్నాలుగు మంది ఎక్కాలి కదా. 31 సాయంత్రం గేటు దగ్గర ఉండమని సభ్యులందరికీ నోటీసు ఇచ్చే వచ్చాను.

మళ్ళీ తా.క. గురక గురించిన నాలుగో రూలు నాకూ వర్తిస్తుంది. భూదేవిని అడగనక్కర లేదు. టాపు మీద మీ పక్కన కాస్త జాగా చాలు.