మా ఊరి ప్రళయం

ఫిబ్రవరి 22, 1955, మంగళవారం

న్యూయార్క్ పత్రిక ఎడిటర్ దగ్గర్నుంచి ఉత్తరం. కథ బాగుందట. ముగింపు బాగాలేదట. ఊరైతే అసలే బాగాలేదట. యూటా దక్షిణాన, గొర్రెలూ పీచ్ తోటలూ తప్ప ఏమీ లేని చోట లోకం అంతమైతే పాఠకుడికి నొప్పేముంది అని అడిగాడు. కథను న్యూయార్క్‌కి మార్చాలట. చివర్లో ఒక అందగాడూ ఒక అమ్మాయీ మిగిలి, కొత్త లోకానికి శ్రీకారం చుట్టాలట. అలా మార్చి పంపితే జూన్ సంచికలో వేస్తాడు. అట్ట మీద నా పేరు.

హిరోషిమా నాటి నుంచీ ఈ పత్రికలన్నీ చదువుతూనే ఉన్నాను. లైబ్రరీలో నాకు వేరే పనేముంది? మునుపు కథల్లో లోకాన్ని దేవుడు ముగించేవాడు, వరదతోనో తోకచుక్కతోనో. ఇప్పుడు ఆఫీసువాళ్ళు బటన్ నొక్కి ముగిస్తున్నారు. ఆ భయం నిజమే, కాదనను. కానీ ప్రతి కథలోనూ బాంబు మహానగరం మీదే పడుతుంది. నేను ఎరిగిన బాంబులు పక్కనున్న నెవాడా ఎడారిలో పేలాయి. వాటి బూడిద మా దండెం మీద ఆరేసిన బట్టల మీద పడింది. నా కథలో ఒక ఊరి ఆడవాళ్ళు తెల్లారుజామున ఆ వెలుగు చూసి, ఇంటికొచ్చి, బూడిద పడ్డ గడ్డి మేసిన ఆవుల పాలు పిల్లలకి పోస్తారు. తర్వాత ఒక్కొక్కరే పోతారు. పేలుడుకి కాదు, ఆ పాలకి.

ఎడిటర్‌గారూ, మీ అందగాణ్ణి మీరే ఉంచుకోండి.

ఫిబ్రవరి 23

అట్ట మీద పేరు! నలభై రెండేళ్ళొచ్చాయి నాకు. ఇంకెప్పుడు?

మార్చి 7, ఉదయం 6

పేలుడు. కిటికీలు గడగడలాడాయి. ఆర్వల్ ఎప్పటిలాగే పక్కింటివాళ్ళతో గుట్టెక్కి చూసొచ్చాడు, ఫ్లాస్కులో కోకో పోయించుకుని మరీ. ఇవాళ్టిది భలే ఉందే, నువ్వూ రావాల్సింది అన్నాడు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా ఈ మనిషికి గొర్రెల గురించి తెలిసినంత నా గురించి తెలియదు.

మార్చి 12, శనివారం

బడిలో సివిల్ డిఫెన్స్ డ్రిల్. ఆర్వల్ మా ఊరి వార్డెన్, తెల్ల హెల్మెట్ పెట్టుకుని ఒకటే హడావిడి. బాంబు పడినట్టు అనుకోవాలి. ఒక్కొక్కరి మెడలో ఒక్కో కార్డు కట్టాడు. పొరుగింటి ఐడోనా హేఫన్‌కి “తీవ్రమైన కాలిన గాయాలు”, చేతులకి టొమాటో సాస్. నాకు “మృతి”. నాలుగింటిదాకా దుప్పటి కప్పుకుని నేల మీద పడుకోవాలి.

ఎంతసేపని చచ్చి పడుంటాను? కాగితం తీసి కథ దిద్దుకోవడం మొదలుపెట్టాను. సాల్ట్ లేక్ సిటీ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ చూసి, చచ్చినవాళ్ళు రాయకూడదమ్మా అన్నాడు. బతికుండి రాస్తే ఎవరూ వేసుకోవట్లేదు సార్ అన్నాను. ఐడోనా పడీపడీ నవ్వింది, గాయాలన్నీ గౌనుకి అంటుకుపోయాయి.

తర్వాత ఆయన సరిగ్గా నా పక్కన నిలబడే ఆర్వల్‌తో అన్నాడు: ఇక్కడి చావుల లెక్కలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు బ్రదర్, ఇదంతా సిటీల కోసం ప్రాక్టీసు, ఇక్కడ మనుషులెవరున్నారని. దుప్పటి కిందనుంచి విన్నాను. ఆర్వల్, ఔను సార్ అన్నాడు.

ఔను సార్!

మార్చి 13

చర్చిలో ఆర్వల్ పక్కనే కూర్చున్నాను. పాటల పుస్తకం మాత్రం వేరేది తీసుకున్నాను.

మార్చి 15

ఎడిటర్‌కి జవాబు పోస్టు చేశాను. ఊరు మార్చను, పాలు మార్చను. అంతే రాశాను.

మార్చి 22, మంగళవారం

చర్చి ఆడవాళ్ళ సంఘంలో సాహిత్య పాఠం, ఈసారి వంతు నాది. పుస్తకంలో వసంతం మీద పద్యం ఉంది. దాన్ని మూసేసి నా కథ చదివాను. అందరూ చట్రం చుట్టూ కూర్చుని బొంత కుడుతున్నారు. రెండో పేజీకే సూదులు ఆగిపోయాయి.

కథలో అందరూ వీళ్ళే. పేర్లు మాత్రం మార్చాను. గుర్తుపడితే నా జుట్టు పీకుతారని భయం. ఎంత తెలివితక్కువదాన్ని!

చదవడం అయ్యాక ఐడోనా లేచింది. నాలుగో పేజీలో బూడిదలో పీచ్ చెట్లకి నీళ్ళు పోసేది నేనే కదూ అంది. ఔనన్నాను. మరి నా పేరు పెట్టడానికి నీకేం రోగమే, చచ్చేది నేనూ, పేరు ఇంకెవరిదో మార్తాదా, ఆ మార్తా పోతే ఎవడికి పట్టింది అని దులిపేసింది. ఎనభై ఏళ్ళ జెల్ఫా లెవిట్‌కి ఇంకా కోపం. నన్నసలు వదిలేశావేం అమ్మాయ్, నేను చావననుకున్నావా అంది. గదంతా నవ్వులు.

అప్పుడు నెడ్రా మెల్లగా, మా లిన్ పేరు కూడా రాస్తావా అంది. లిన్ ఆమె కూతురు, ఆరేళ్ళది. రక్తంలో క్యాన్సర్‌తో మొన్న శరదృతువులో పోయింది.

ఎవరూ నవ్వలేదు. రాస్తానని మాటిచ్చాను.

మార్చి 30

న్యూయార్క్ నుంచి కథ తిరిగొచ్చింది, వేసుకోలేమన్న ఒక అచ్చు చీటీతో. ఏడ్చాను. అబద్ధం ఎందుకు, చాలాసేపు ఏడ్చాను.

ఏప్రిల్ 1

సోమవారం నుంచి రావద్దని లైబ్రరీవాళ్ళు చెప్పారు. దేశభక్తి లేని రాతలట. ఆర్వల్ కంగారుపడ్డాడు. నీ ఉద్యోగం పోయింది, రేపు నా వార్డెన్ పదవీ పోతుంది, కాస్త నోరు మూసుకుని ఉండవే తల్లీ అన్నాడు. చచ్చినదాన్నయ్యా, కార్డు నువ్వే కట్టావు, ఇంక నన్ను ఎవరేం చేస్తారు అన్నాను.

ఏప్రిల్ 6

వంటింటి బల్లే ఇప్పుడు ప్రెస్సు. ఐడోనా స్టెన్సిల్ కాగితాలు తెచ్చింది, వాటి మీద నేను టైపు కొడుతున్నాను. నెడ్రా తన అన్న దుకాణంలోంచి కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషన్ మోయించుకొచ్చింది. ఆ బూడిద గాలి వీచే దారిలో ఉన్న ప్రతి ఊరి పేపరుకీ ఒక కాపీ. ఇప్పటికి ముప్ఫై నాలుగు పేర్లు, అన్నీ అసలువే. ఒక్కొక్కరూ వచ్చి, తమ చావు చదివి, తప్పులు దిద్ది వెళ్తున్నారు. జెల్ఫా తనది మరీ పొట్టిగా ఉందని రెండుసార్లు తిరిగి రాయించింది.

ఏప్రిల్ 9

పొద్దున మళ్ళీ పేలింది. ఆర్వల్ గుట్టెక్కలేదు. వంటింట్లోకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నేను ఏ పేజీలో పోతాను అని అడిగాడు. నువ్వు ఇందులో లేవన్నాను. యాభైమూడులో మన గొర్రెలు మూతులు కాలి చచ్చాయి, మేత చాలక పోయాయని సర్కారువాళ్ళు కాగితం తెస్తే సంతకం పెట్టాను, నీకు చెప్పలేదు, అది కూడా రాయి అన్నాడు. పేరుతోనా అన్నాను. పేరుతోనే అన్నాడు. తన పేరులో ఒక్కో అక్షరమూ తనే చెప్పాడు, నాకు తెలియనట్టు. నేను టైపు కొట్టాను.