పోలీసాయన పలక అడిగిన రోజు

మామా,

ఈ పొద్దుకి నువ్వు పోయి ఏడాది. ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన మనవడు మురళికి తడ అవతల రాకెట్లు వదిలే చోట సర్కారు ఉద్యోగం వచ్చింది. చేరే ముందు పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారని, వాళ్లు మంచివాడని రాస్తేనే చేర్చుకుంటారని పోయిన నెల తెలిసింది.

నాకు అన్నం సయించలేదు. సర్కారు వద్దన్న పశువుల పండగలో ఉరికే ఎద్దును నిలేసి, కొమ్ములకు కట్టిన చెక్క పలక లాక్కున్నాడని వాడి మీద కేసయింది కదా. నువ్వేమో ఆ పలకను గొప్పగా గోడకు తగిలించావు. పోలీసాయన వస్తున్నాడంటే దాన్ని తీసి బియ్యం డబ్బాలో దాచేశాను.

ఆయన కూర్చోగానే, "అవ్వా, మీవోడు పట్టిన పలక యాడుండాది?" అన్నాడు.

"యాడి పలకప్పా? మావోడికి ఎద్దంటేనే బయం," అన్నాను.

మురళి తల పట్టుకున్నాడు. "అవ్వా, కేసు సంగతి ఉద్యోగం కాగితాల్లో నేనే రాసిచ్చినాను."

"రాసినాడు కాబట్టే బతికినాడు," అన్నాడు పోలీసాయన. "చిన్న కేసు, ఎప్పుడో కొట్టేసినారు. దాచిపెట్టి ఉంటే మాత్రం ఉద్యోగం పోయుండేది. నీ మాట నమ్మి రాసుకున్నానంటే వీడి కత అంతే!"

ఉద్యోగంలో చేరమని నిన్న కాగితం వచ్చింది.

ఆ రోజు పోతూ పోతూ ఆయన, "ఇంతకీ వీణ్ణి ఎద్దు మీదికి ఎగదోసిందెవరవ్వా?" అని నవ్వాడు. ఇంకా అబద్ధమెందుకని, వాళ్ల తాతేనని చెప్పేశాను. చెప్పాక భయమేసింది. "ఆయన మీదికేమన్నా వస్తుందా నాయనా?" అని అడిగాను.

దండ వేసిన నీ ఫోటో వైపు చూసి, "ఆయన్ని ఇంకెవరూ ఏమీ చెయ్యలేరులే అవ్వా," అన్నాడు.