నాలుగు చక్రాల మీద అరచెయ్యి

12వ తేదీ, బుధవారం

మా ఇంటి గడుగ్గాయికి,

నాన్న ఆశీస్సులు. నేనూ అమ్మా కులాసా. నీ కబుర్లు అమ్మ ద్వారా వింటూనే ఉన్నాను. నాలుగేళ్ల తర్వాత నా చేతిరాత చూసి కంగారుపడకు, నలత చేసింది కారుకే.

పోయిన వారం దానికి కొత్త బ్రేకులు వేయించాను. అద్దాల గది, టై కట్టుకున్న యజమాని, పెద్ద షెడ్డు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని తర్వాత తెలిసింది. బ్రేకు తొక్కితే చాలు, బండి ఎడమకు లాగేస్తోంది. సోమవారం మా స్కూలు గేటు ముందు అలాగే లాగి, రోడ్డు పక్కన నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లలకు జానెడు దూరంలో ఆగింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆ సాయంత్రం అమ్మ నీకు ఫోన్‌లో స్పీకరు పెట్టి మొరపెట్టుకుంటే నువ్వు చెప్పిన చిట్కా, పేపరు అడ్డం పెట్టుకుని అంతా విన్నానులే.

మర్నాడు వెళ్లి అడిగితే, పనంతా సరిగ్గానే ఉందనీ, లోపం నా తొక్కుడులోనే ఉందనీ, ఈ వయసులో డ్రైవరును పెట్టుకోవడం మంచిదనీ యజమాని సలహా ఇచ్చాడు. ఒళ్లు మండింది. అయితే మీరే నడపండి అన్నాను. బ్రేకు పెద్దగా తొక్కనివ్వకుండా పది నిమిషాలు తిప్పించి, దిగాక నాలుగు చక్రాలనూ తాకి చూడమన్నాను. మూడింటి మీద అరచెయ్యి హాయిగా నిలిచింది. ముందు ఎడమ చక్రం దగ్గర మాత్రం చురుక్కుమని చెయ్యి లాక్కున్నాడు. తొక్కకుండానే ఇంత వేడెక్కిందంటే ఆ బ్రేకు పట్టిన పట్టు వదలడం లేదు, బిగించేటప్పుడు మీవాళ్లు గ్రీజు పెట్టి ఉండరు అని నీ మాటలే అప్పగించాను.

విప్పి చూస్తే అక్షరాలా అంతే. క్షమించమని అడిగి, నన్ను పక్కనే నిలబెట్టుకుని పని మొత్తం మళ్లీ చేయించాడు. ఇప్పుడు బండి గీత గీసినట్టు పోతోంది.

ఇదంతా మీకెలా తెలుసని అడిగాడు. మా అమ్మాయి మెకానిక్, సొంత షెడ్డు నడుపుతోంది అని పదిమందికీ వినపడేలా చెప్పాను. లెక్కల మాస్టారి కూతురు స్పానరు పట్టడమేమిటని అప్పుడు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చాలా గర్వంగా ఉందమ్మా.

ఇట్లు,
మీ నాన్న

తా.క. కవరు అంటించబోయి ఆగాను. పైన ఒక అబద్ధం ఉంది. నిన్న అక్కడ నీ ఊసే ఎత్తలేదు. ఎక్కడో చదివానని చెప్పి బయటపడ్డాను. మనసు ఒప్పక ఇందాక మళ్లీ వెళ్లి నిజం చెప్పి వచ్చాను. ఆయన నవ్వలేదు. మీ అమ్మాయి ఊరి వైపు వెళ్లేవాళ్లుంటే పంపిస్తాను, ఆ షెడ్డు పేరేమిటి అన్నాడు.

నాకు తెలియదమ్మా. నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు. అమ్మనడిగితే చెబుతుంది, కానీ అడగను. నువ్వే చెప్పు.