వలకు పొక్క పడితే

నందికొండ,
ఆగస్టు 9

అవ్వా, నేను బాగున్నాను. ఫోనులో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను, చెల్లి మానస చదివి వినిపిస్తుంది.

నేను చదువు చెప్పే మూడో తరగతిలో గ్లోరీ అనే పిల్ల ఉంది. బడి తెరిచి రెండు నెలలైనా నోరు విప్పలేదు. నిన్న "ఇంట్లో ఎట్ల మాట్లాడతరో గట్లనే చెప్పు, మీ బాపు ఏం పని చేస్తడు?" అని అడిగాను. లేచి నిలబడింది.

"వలకు పొక్క పడితే మా బాపు ముందుగాల దాన్ని ఇంకింత పెద్దగ కోస్తడు సార్."

చిల్లు బాగుచేయడానికి కోయడమేమిటి అన్నాను. క్లాసంతా నవ్వింది.

"గంత గూడ ఎర్కలేదా సార్? చినిగిన కొసల మీద ముడి ఆగది. మంచి దారం దొరికేదాక కొయ్యాలె."

ఆ మాటల్నే బోర్డు మీద రాశాను, పక్కన అదే సంగతి పుస్తకాల భాషలోనూ రాశాను. పిల్లలు రెండూ చదివారు. తర్వాత నన్నే అడిగారు, మరి మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తారని. పోచంపల్లిలో పుట్టి కూడా చెప్పలేకపోయాను. చదువుకునేవాడినని మీరు నన్ను మగ్గం ఎక్కనివ్వలేదు కదా!

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బాపును వేళకు తినమను. మానస పరీక్షలు ఎప్పుడు?

చిన్నప్పుడు నువ్వు నాకు అన్నం గిన్నె తెస్తే, "మా సారు ముందు మాట్లాడకు" అని నిన్ను బడి గేటు దగ్గరే ఆపాను. యాదికుందా? దసరా సెలవులయ్యాక నాతో రా. పోగు సంగతి పిల్లలకు నువ్వే చెప్పు. నేను బోర్డు మీద రాస్తాను.

నీ మనవడు,
నరహరి