పిడికెడు బియ్యం కుండ

అత్తమ్మా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి ఈరోజుకు ఏడాది. చంద్రపూర్ పక్కన ఈ దుర్గాపూర్ గని క్వార్టర్‌లో నీ కుండను ఇప్పుడు నేనే నింపుతున్నాను. ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడి పేరున పిడికెడు బియ్యం వేస్తున్నాను. నిన్నటితో నిండింది.

నిండిన రోజు నువ్వు దాని ముందు కూర్చుని, "ఎవరికియ్యాలె ప్రభువా?" అని అడిగి చాలాసేపు కళ్ళు మూసుకునేదానివి. నేను తొందరపెడితే, "అడిగినంక జవాబు వినాలె గదా బిడ్డా" అనేదానివి.

ఈ పొద్దున నేనూ అడిగాను. కళ్ళు మూసుకోగానే పక్కింటి రత్నమ్మ మెదిలింది. వాళ్ళది గుంటూరు, మనది తెలంగాణ. రాష్ట్రం వేరయ్యే గొడవల్లో వాళ్ళకూ మనకూ మాటలు పోయాయి. ప్రార్థన మందిరంలో కూడా ఎడమొహం పెడమొహమే. నీ భూస్థాపనకు సైతం ఆమె రాలేదు. మొన్న ఆమె భర్త గనిలో కాలు విరగ్గొట్టుకుని, చంద్రపూర్ ఆస్పత్రి నుంచి కట్టుతో వచ్చి మంచాన పడ్డాడు. అది తెలిసి కూడా, ఇంకెవరినైనా చూపించమని దేవుణ్ణి బతిమాలాను. మళ్ళీ ఆమే.

మధ్యాహ్నానికి కుండ ఎత్తుకుని వెళ్ళాను. రత్నమ్మ తలుపు తీసి నా మొహం కాదు, కుండను చూసింది.

"ఇది పిన్నిగారి కుండ కదా వదినా," అని రెండు చేతులూ చాచింది.

నువ్వు అంతసేపు కళ్ళు మూసుకుని ఎందుకు కూర్చునేదానివో ఇన్నాళ్ళకు అర్థమైంది అత్తమ్మా. జవాబు వినపడక కాదు. వినపడిన పేరుకు ఒప్పుకోవడానికి నీకూ అంతసేపు పట్టేది.

నీ కోడలు